బావగారి చిత్రికకు నలభై రోజులు

వస్తువు: చిత్రిక, ఒకటి. టేకు ఒళ్ళు, ఇనుప ఉలి.
ఎవరి దగ్గరుంది: మాణిక్యాంబ, గాలి శాఖలో ముప్పై ఏళ్ళు తనిఖీ చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మూడో వీధి, బొరియ.
ఇంట్లో ఎందుకు ఉంచుకోవాలి: రాస్తాను, కాస్త ఓపిక పట్టండి.

రోజు 1

కొఠారు లెక్కలు చూసే భానోజీ పొద్దున్నే వచ్చి ఈ పుస్తకం నా చేతిలో పెట్టాడు. "రోజూ రాయండి మేడమ్. వాడితే వాడేనని, లేకపోతే లేదని. నలబై రోజులయ్యాక నానే వచ్చి చదువుతాను" అన్నాడు. చదివేవాడు అతనే కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. భానోజీ, నేను రాసేది కొంచెం ఎక్కువగా ఉంటుంది. తనిఖీ కాగితాల్లో గడులు సరిపోక వెనక వైపు కూడా రాసే అలవాటు నాది.

బొరియలో, అంటే చందమామ కొండలో తొలిచిన మా ఊళ్ళో, చెంచా దగ్గర్నుంచి మంచం దాకా ఏదీ ఎవరిదీ కాదు. ప్రతి దానికీ కొఠారు చీటీ ఉంటుంది. నలభై రోజులు వాడకుండా మూల పడేస్తే బండి వచ్చి ఎత్తుకుపోతుంది, కరిగించి ఇంకొకరికి కావలసింది చేస్తుంది. భూమి నుంచి మేకు తెప్పించాలన్నా రెండేళ్ళు పడుతుంది కాబట్టి ఆ నియమాన్ని నేనెప్పుడూ తప్పుపట్టలేదు. మా ఇంటి మీదికి వచ్చేదాకా.

తొలి జట్టులో వచ్చినవాళ్ళకి మాత్రం ఒక మినహాయింపు ఇచ్చారు. తలా ఒక వస్తువు తెచ్చుకోవచ్చు, దాన్ని వాళ్ళు బతికున్నంత కాలం ఎవరూ ముట్టుకోరు. ఒకాయన హార్మోనియం తెచ్చుకున్నాడు. ఒకావిడ పెళ్ళి చీర తెచ్చుకుంది. మా ఆయన అన్నగారు, వీరభద్రం బావగారు, చిత్రిక తెచ్చుకున్నారు. చెక్క నున్నగా చేసే పనిముట్టు, అప్పటికి చెట్టన్నది లేని చందమామ మీదికి! ముప్పై ఆరేళ్ళు ఊరంతా నవ్వింది. ఆయన కూడా నవ్వేవారు. రోజూ సాయంత్రం తన కూరలోకి ఇచ్చిన నూనెలోంచి రెండు చుక్కలు మిగిల్చి దాని ఒంటికి రాసేవారు. పాత వాడకం పుస్తకం తిరగేస్తే పదమూడు వేల పైచిలుకు రోజులు ఒకటే మాట ఉంది: "నూనె రాశాను." ఒక్క రోజు కూడా చెక్క మీద పెట్టలేదు. పెట్టడానికి చెక్క ఏదీ? తర్వాత తోట వేసినా, ఎండిన చెట్టు నేరుగా ఎరువు యంత్రంలోకే పోయేది.

నాలుగు నెలల కిందట బావగారు పోయారు, మినహాయింపూ పోయింది. కాగితాలు తేలి, ఇవాళ్టి నుంచి మామూలు నియమమే. దీనితో నలభై రోజుల్లో ఏదో ఒకటి చేయాలి, అది పనికొచ్చిందని బయటి మనిషి ఒకరు తన నోటితో చెప్పాలి. ఇంట్లోవాళ్ళ మాట చెల్లదు. చెప్పకపోతే ఇనుము ఒక చోటికి, టేకు ఒక చోటికి పోతాయి. ఆ మాట తలుచుకుంటేనే నాకు అన్నం సహించడం లేదు.

వాడకం: చేతిలోకి తీసుకుని చూశాను. నూనె రాశాను.

రోజు 2

పనికి గది కావాలి. ఇంట్లో ఉన్న ఖాళీ చోటు ఒక్కటే, ఆరడుగులకి ఎనిమిదడుగుల సామాన్ల గది. అందులో మా ఆయన సోమేశం గారి ఊరగాయలు కాపురం ఉంటున్నాయి. వంట ఆయనదే. జామకాయ ఊరగాయ, టమాటా, గోంగూర, ఇంకా పేరు పెట్టనివి రెండు.

"పచ్చళ్ళకి చీకటి కావాలి మాణిక్యం. మంచం కింద పెడితే అలుగుతాయి" అన్నారు.

"నా వయసు అరవై ఒకటండీ. ఈ ఊళ్ళో గాలి మొత్తం తనిఖీ చేశాను గానీ నాకంటూ తలుపేసుకునే ఒక గది లేదు" అన్నాను. గొంతు కొంచెం వణికించాను కూడా, అబద్ధం ఎందుకు. జాడీలు మంచం కింద చేరాయి.

రోజు 4

బావగారి పెట్టెలో "ఇంట్లో పనిగది అమర్చుకోవడం ఎలా" అనే చిన్న పుస్తకం దొరికింది. భూమి మీద అచ్చయింది. మొదటి సలహా: ఉత్తరం వెలుతురు పడేలా బల్ల వేసుకోండి. మా వీధి కొండ కడుపులో ఉంది. నాకు తెలిసిన దిక్కులు రెండే, తలుపు వైపు, తలుపు కాని వైపు. రెండో సలహా: దుమ్ము పోవడానికి కిటికీ బార్లా తెరిచి పెట్టుకోండి. ఇది చదివి సోమేశం గారు పొలమారేదాకా నవ్వారు. ఇక్కడ కిటికీ తెరిస్తే దుమ్ముతో పాటు మేమూ పోతాం.

అయినా మిగతా మాటలు బంగారం. ప్రతి పనిముట్టుకీ గోడ మీద దాని ఆకారమే గీసి, ఆ గీత లోపల తగిలించమంది. ఏది తిరిగి రాలేదో గోడే చెబుతుంది. సుత్తి, రెండు ఉలులు, కొలబద్ద, ఆకురాయి, అన్నీ గీశాను. మేకులు మూతలున్న డబ్బాల్లోకి వెళ్ళాయి. బరువు ఆరో వంతే ఉండే ఇక్కడ ఒక మేకు జారిందంటే గెంతుకుంటూ పక్క గదికి పోతుంది. అరలు కప్పు దాకా కొట్టించాను. ఒక్క ఎగురు ఎగిరితే అందే చోటుని ఎందుకు వదులుకోవాలి?

మధ్యలో చిత్రిక ఆకారం గీశాను. తగిలించి, గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాను.

రోజు 6

బల్ల వచ్చింది. పాత పంపు కింది ఇనుప చట్రం, దాని మీద పలక. ఇక్కడ మనిషికే పెద్ద బరువుండదు, బల్లకీ అంతే, ముట్టుకుంటే జరుగుతుంది. అందుకని గోడ బండలోకి నాలుగు బోల్టులు దింపి బిగించాను.

భానోజీ చూసి తల గోక్కున్నాడు. "ఏటండి మేడమ్, బండకి బిగించేసేరు? ఒకసారి బిగిస్తే మరి ఊడదీయడం లేదు. బండ పగుల్తాది. ఈ బల్ల ఇంక ఇక్కడే."

"ఇక్కడే ఉండాలి నాయనా. నాది కదా గది" అన్నాను గర్వంగా.

దుమ్ము సంగతి కూడా చదువుకో భానోజీ. పాత వడపోత యంత్రానికి గొట్టం తగిలించి బల్ల పక్కన పెట్టాను. గుమ్మానికి తడి గుడ్డ తెర కట్టాను. ముప్పై ఏళ్ళు అందరినీ దుమ్ము దుమ్మని చంపుకుతిన్న దాన్ని, నా గుమ్మంలోంచి చిటికెడు బయటికి వస్తే ఊరుకుంటారా?

రోజు 9

చెక్క దొరికింది! తోట చూసే మెహరున్నీసా తలుపు తట్టి, "అక్కా, నాలుగో వరసలో ముసలి జామ ఎండిపోయింది. రేపు ఎరువు యంత్రంలో వేసేస్తాం. నీకు పనికొస్తుందా?" అంది. వాటేసుకున్నాను. ఆ ఊపుకి ఇద్దరం కప్పుకి తగిలాం.

మా తోటలో చెట్లు పైకి తప్ప పక్కకి పెరగవు, మాను నిట్రాడలా నిటారుగా, లావుగా ఉంది. తోట రంపంతో ఇద్దరం కలిసి కోశాం. ఒక వెడల్పాటి పలక, కొన్ని చిన్న ముక్కలు వచ్చాయి. పలకతో పీట చేస్తాను. ఈ ఊళ్ళో కూర్చునేవన్నీ ఇనుమూ ప్లాస్టిక్కే. చెక్క పీట మీద కూర్చుని అన్నం తింటే ఎలా ఉంటుందో మెహరున్నీసాకి తెలియదు, ఆమె ఇక్కడే పుట్టింది. మొదటి పీట ఆమెకే. బయటి మనిషి, నోరున్న మనిషి. పని అయిపోయినట్టే.

పలక ఇంకా పచ్చిగా ఉంది. గాలి గొట్టం ముందు ఆరబెట్టాను. బట్టలూ, వడియాలూ, మిరపకాయలూ అన్నీ అక్కడే ఆరతాయి మాకు.

రోజు 11

ముందు చిన్న ముక్క మీద సాధన చేద్దామని చిత్రిక పెట్టి ముందుకు తోశాను. చిత్రిక కదల్లేదు. నేను కదిలాను. వెనక్కి వెళ్ళి, తడి తెర చుట్టుకుని, వంటింట్లో సోమేశం గారి కాళ్ళ దగ్గర ఆగాను.

"వచ్చావా? పప్పులో ఉప్పు చూడు" అన్నారాయన, గరిటె అందిస్తూ.

రోజు 12

పంపు పనివాళ్ళు వాడే కాలి పట్టీలు నేలకి బిగించాను. పాదాలు అందులో దూర్చి, నడుం వంచి తోశాను. ఈసారి వెళ్ళింది. చిత్రిక నోట్లోంచి పల్చటి చెక్క చుట్ట ఒకటి బయటికి వచ్చి, తొందరేమీ లేనట్టు మెల్లగా కిందికి దిగింది. అరచేతిలో పట్టుకున్నాను. జామ వాసన. బావగారు చూడాల్సింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను, మళ్ళీ తోశాను.

రోజు 17

ఇవాళ్టిది రాయాలంటే సిగ్గుగా ఉంది. కానీ పుస్తకం ముందు దాచకూడదు.

మధ్యాహ్నం రెండున్నరకి పని మొదలుపెట్టాను. వడపోత యంత్రం రొద పెడుతుందని చెవులకి మూతలు పెట్టుకున్నాను. ఈ ఐదారు రోజుల్లో చెయ్యి బాగా కుదిరింది, నిండా బలం పెట్టి పొడుగాటి తోపులు తోస్తున్నాను. అరగంటకి దాహమేసి బయటికి వస్తే ఇంట్లో మా ఆయన లేరు. పొయ్యి ఆర్పి ఉంది. వీధిలోకి వస్తే ఒక్క మనిషి లేడు. తలుపులన్నీ బిగించి ఉన్నాయి.

వీధి ఖాళీగా ఉందంటే బొరియలో ఒకటే అర్థం, ఎక్కడో గాలి కారుతోంది. చిత్రిక చేత్తో పట్టుకునే కాపుగదికి, గాలి కారితే వీధంతా తలదాచుకునే చోటికి, పరిగెత్తాను.

లోపల వీధంతా ఉంది. వీధి పెద్ద కుటుంబరావు గారు సగం గడ్డం గీసుకుని, సగం నురగతో నిలబడ్డారు. ఆయన కుడి అరచెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది.

"ఎక్కడ కారుతోంది?" అన్నాను, పాత ఉద్యోగపు గొంతుతో.

"మీ ఇంటి వైపు బండలోంచే మాణిక్యమ్మ గారూ. సుయ్యిమని స్పష్టంగా వినబడింది. మీరేగా నేర్పారు, ఆ చప్పుడు వింటే వెనక్కి చూడకుండా పరిగెత్తమని!"

నేనే నేర్పాను. ముప్పై ఏళ్ళు. అందుకే ముక్కుకి గాలి ముసుగు పెట్టుకుని నేనే బయటికి వెళ్ళి, మా గోడ మొత్తం చెవి ఆనించి విన్నాను. చిన్న చప్పుడు కూడా లేదు. ఎలా ఉంటుంది, చప్పుడు చేసే మనిషి చెవి ఆనించి నిలబడితే? అది నాకు తట్టలేదు. ఏ ప్రమాదమూ లేదని సంతకం పెట్టి అందరినీ ఇళ్ళకి పంపాను. మంచినీళ్ళు తాగి, చెవి మూతలు పెట్టుకుని, మళ్ళీ చిత్రిక పట్టాను.

వీధంతా మళ్ళీ పరిగెత్తింది.

ఈసారి సోమేశం గారు పరిగెత్తలేదు. పనిగది గుమ్మంలో నిలబడి, నా చేతి వంక చూసి, ముక్కు మీద వేలేసుకున్నారు. చెవి మూతలు తీసి, నేనే ఒకసారి తోసి విన్నాను. సుయ్యి. బల్లని బండకి బిగించానా, బండ ఆ చప్పుడుని వీధి పొడుగునా మోసుకుపోయింది. ఈ ఊళ్ళో చిత్రిక చప్పుడు విన్నవాళ్ళెవరు? బావగారు ఒక్కరే, ఆయన కూడా ఇక్కడ వినలేదు.

రోజు 18

కుటుంబరావు గారు ఒంటి కాలి మీద లేచారు. "చిత్రిక ఆపండి. ఇవాళ దీన్నే విని అలవాటు పడ్డ జనం, రేపు నిజంగా గాలి కారితే మంచం మీంచి లేస్తారా?" అన్నారు.

నేను తనిఖీలో ఉండి ఉంటే అక్షరం పొల్లుపోకుండా అదే మాట అనేదాన్ని. అందుకే కోపం ఇంకా ఎక్కువ వచ్చింది.

వాడకం: లేదు. నూనె రాశాను.

రోజు 24

పీట పలక పగిలింది. గాలి గొట్టం ముందు పెట్టాను కదా, వడియంలా ఎండింది, అడ్డంగా నిలువుగా బీటలు తీసి ఏడు ముక్కలైంది. ఒక్కోటీ జానెడు పొడుగు. పచ్చి చెక్కని నీడలో నెలల తరబడి ఆరనివ్వాలని ఆ చిన్న పుస్తకం ఆఖరి పేజీలో ఉంది. నేను మొదటి పేజీలు చూసి నవ్వుకుంటూ ఆఖరి పేజీ దాకా వెళ్ళలేదు.

చెక్క లేదు, చిత్రిక పట్టే అనుమతి లేదు, రోజులు పదహారు. సోమేశం గారు పులిహోర చేశారు.

రోజు 27

మంచం కింది జాడీల్లోంచి జామకాయ ఊరగాయ తీసుకుని క్షమాపణ చెప్పడానికి కుటుంబరావు గారింటికి వెళ్ళాను. చేతి కట్టు ఇంకా ఉంది.

"అదెలా అయింది? ఎవరినీ తోసుకోలేదు కదా?" అని అడిగాను.

"కాపుగది తలుపు పిడి. ఇనుపది. అవతలంతా బయటి బండ కదా, మంచు ముద్దలా ఉంది. పట్టుకోగానే చర్మం అంటుకుపోయింది. తువ్వాలు వేసి లాగేసరికి పది లెక్కపెట్టేంత సేపు ఆలస్యం."

"ఎన్నేళ్ళ నుంచి సాధన చేస్తున్నాం, ఎప్పుడూ అంటుకోలేదే?"

"సాధన రోజు అందరం చేతి తొడుగులు వేసుకునే వస్తాంగా. పరిగెత్తమని మీరు ముందే చీటీ పంపేవారు."

ముప్పై ఏళ్ళు నేను చీటీ పంపి, తొడుగులు వేయించి, గడియారం పట్టుకుని మెచ్చుకున్నాను. నిజంగా గాలి కారిన రోజున ఎవరైనా తొడుగు వెతుక్కుంటారా? ఆ తలుపు దగ్గర పదిమంది ఆగిపోయేవారు. నా తనిఖీలో ఇంత బొక్క ఉందని నా చిత్రిక చెప్పింది.

కొంగున ఉన్న జామ ముక్క తీసి ఆయన మంచి చేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. పలక పగిలిన దగ్గర్నుంచి ఒక ముక్క ఊరికే కొంగున వేసుకుని తిరుగుతున్నాను.

ఆయన వేళ్ళు మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. "ఇది చల్లగా లేదే!" అన్నారు.

జానెడు పొడుగు. ఏడు ముక్కలు. మా వీధికి కాపుగది తలుపులు ఆరు, ఇనుప పిడులు ఆరు. అక్కడికక్కడే ఎగరబోయి ఆయన ఇంటి కప్పు గుర్తొచ్చి ఆగాను.

రోజు 29

కుటుంబరావు గారిని రెండు రోజులు బతిమాలాను. పిడులు కావాలి, కానీ చప్పుడు ఎలా? చివరికి దారి సోమేశం గారు చెప్పారు. "గాలి కారడం ఆగదు. చిత్రిక తోపు తోపుకీ ఆగుతుంది. ఆగిన చోట మనిషి గొంతు వినబడితే ఎవరు భయపడతారు? పడవ లాగేవాళ్ళు హైలెస్సా అనరూ, అలాగ."

కుటుంబరావు గారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఆ గొంతు ఆయనదే అవ్వాలి. ఆయన లేకుండా చిత్రిక కదలకూడదు. ఆయన లేచి వెళ్ళి వీధి మొత్తానికీ చెప్పి వచ్చారు, "హైలెస్సా వినబడితే మాణిక్యమ్మ గారు. వినబడకుండా సుయ్యిమంటే పరుగు." తర్వాత పనిగదిలో మేకుల డబ్బా మీద కూర్చుని, కట్టు కట్టిన చేత్తో తాళం వేస్తూ మొదలుపెట్టారు.

ఆయన గొంతు గురించి ఈ పుస్తకంలో రాయడం మర్యాద కాదు.

రోజు 33

తలుపేసుకునే గది కావాలని కదా నేను ఏడ్చింది! ఇప్పుడు తలుపు పడటం లేదు. హైలెస్సా విని ఒకరు తొంగి చూస్తారు, ఇద్దరు లోపలికి వస్తారు. మెహరున్నీసా చెక్క చుట్టలు ఏరి తలలో పెట్టుకుని పోతోంది. ఎదురింటావిడ గోడ మీద ఆకారాలు చూసి, "మా వంటింట్లో గరిటెలకీ ఇలా గీసిపెట్టండి" అంది. హార్మోనియం ఆయన శ్రుతి చూసుకుంటానని వచ్చి, కుటుంబరావు గారి గొంతు విని వెళ్ళిపోయాడు.

మూడు పిడులు అయ్యాయి. నాలుగోది చేస్తుంటే చెక్క లోపల ముడి తగిలి పాడైంది. ఇక మూడు ముక్కలే ఉన్నాయి, మూడు పిడులు కావాలి. ఇప్పుడు ఒక్క ముక్క పోయినా ఒక తలుపు అలాగే మిగిలిపోతుంది.

రోజు 36

ఆరూ అయ్యాయి. నూనె పట్టించి, ఇనుప పిడుల మీద తొడిగి, బోల్టులతో బిగించాం. పగటిపూట పదకొండింటికి, ఎవరికీ చెప్పకుండా, కుటుంబరావు గారు నన్ను ఒంటరిగా పనిగదిలోకి పంపి, "హైలెస్సా లేకుండా తోయండి" అన్నారు.

తోశాను. నా చేతులారా వీధిని భయపెట్టడం ఇది మూడోసారి, ఈసారి కావాలనే.

అందరూ నలభై నాలుగు సెకన్లలో లోపలున్నారు. ఒక్క అరచెయ్యి కందలేదు. తొడుగులు వేసుకుని, చీటీ చూసుకుని తీరుబడిగా చేసిన సాధనల్లో మేం రెండు నిమిషాల కిందికి ఎప్పుడూ రాలేదు. విషయం తెలిశాక నన్ను తిట్టినవాళ్ళు తిట్టారు, ఆ తిట్లు కూడా నాకు తీపిగానే ఉన్నాయి.

రోజు 40

భానోజీ వచ్చాడు. బల్ల పక్కన నిలబడి పుస్తకం మొదటి నుంచి చదివాడు. రోజు పదకొండు దగ్గర నవ్వాడు, రోజు పదిహేడు దగ్గర కూర్చున్నాడు. చిత్రిక గోడ మీద దాని గీతలో ఉంది. దానికేసి చూడకుండా ఉండటానికి నేను మేకులు లెక్కపెడుతున్నాను.

"పనికొచ్చిందని చెప్పే బయటి మనిషి ఎవరండి?" అన్నాడు.

కుటుంబరావు గారు గుమ్మంలోంచి అరచెయ్యి చాపారు. కట్టు లేదు, ఎర్రటి మచ్చ ఉంది. "ఇది పాత పిడి చేసిన మచ్చ. పొద్దున్న కొత్త పిడి పట్టుకుని వచ్చాను, దానితో కొత్త మచ్చ పడలేదు. రాసుకో."

"నేను కూడా" అంది మెహరున్నీసా. "నేనూ" అంది ఎదురింటావిడ. వెనక వీధి పొడుగునా నేనూ నేనూ అని వినబడుతోంది. సోమేశం గారు కూడా నేనూ అన్నారు, ఇంటి మనిషని భానోజీ ఆ పేరు కొట్టేశాడు.

నేను పొంగిపోతున్నాను. అప్పుడు అతను పెన్ను ఆపి తల గోక్కున్నాడు. బల్ల బిగించిన రోజు గోక్కున్నాడే, అలాగే.

"మేడమ్, ఒక్కరు చెప్తే ఇంటి వస్తువు. ఇద్దరు చెప్పినా ఇంటిదే. వీధి మొత్తం చెప్పేస్తే అది వీధి వస్తువండి. కరిగించడం ఎప్పటికీ ఉండదు. గానీ మీ పేరు మీద ఉండదు. వీధి వస్తువు అందరూ వాడుకునే చోట ఉండాల."

బావగారి చిత్రిక ఇల్లు దాటి పోతుందా? ఇంత చేసింది దానికా?

"ఏ చోట?" అన్నాను.

"చిత్రికకి బిగించిన బల్ల కావాల కదండి. ఊడదీయరాని బల్ల వీధిలో ఒక్కటే ఉంది." బోల్టుల వైపు చూపించాడు. "కొఠారు లెక్కలో ఇప్పటి నుంచి ఈ గది వీధి పనిగది. చిత్రిక ఎక్కడికీ వెళ్ళదు. గానీ మీకింక తలుపేసుకోడం ఉండదు."

కొంచెంసేపు బాధపడ్డాను, నిజమే రాస్తున్నాను. అరవై ఒక్కేళ్ళకి దొరికిన గది నలభై రోజుల్లో పోయింది. తర్వాత గోడ వైపు చూశాను. ముప్పై ఆరేళ్ళు ఒక్క మనిషి పక్కన నవ్వులపాలై కూర్చున్న పనిముట్టు అది. దానికోసం గుమ్మంలో జనం తోసుకుంటున్నారు. బావగారుంటే ఆ మేకుల డబ్బా మీద కూర్చుని కళ్ళు తుడుచుకునేవారు. ఆయన బదులు నేను తుడుచుకున్నాను.

"పచ్చళ్ళు ఇక మంచం కిందేనా?" అన్నారు సోమేశం గారు నీరసంగా.

రోజు 41

ఇక రాయనక్కర్లేదని భానోజీ చెప్పాడు. అలవాటైపోయింది, రాస్తున్నాను.

తోటలో రెండు బత్తాయి చెట్లు ముసలివయ్యాయట. మెహరున్నీసా మానులు నీడలో ఆరబెట్టింది, ఆరు నెలలు ముట్టుకోవద్దని పైన నా చేత రాయించింది. పొద్దున ఆరుగురు వచ్చి చిత్రిక పట్టడం నేర్చుకున్నారు. నలుగురు వంటింట్లోకి వెళ్ళి ఆగారు. హైలెస్సా వంతు మార్చమని వీధి వీధంతా అర్జీ పెట్టుకుంది.

సాయంత్రం అందరూ వెళ్ళాక చిత్రిక ఉలి తుడిచాను. నా పప్పులోకి ఇచ్చిన నూనెలోంచి రెండు చుక్కలు మిగిల్చాను. వంతుల చీటీలో ఈ ఒక్క పనికి మాత్రం ఎవరి పేరూ రాయించలేదు, రాయనివ్వను కూడా.

వాడకం: నూనె రాశాను. చిత్రిక పట్టడానికి రేపు నా వంతు నాలుగోది.